శుక్రవారం మొదటి నమూనా

గాజు గొట్టం నిండా నీళ్ళు పోసినా గులాబీ రంగు పోలేదు. దేవరాజు సారు గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి ఎడమకన్ను మూసి చూశారు, కుడికన్ను మూసి చూశారు, చివరికి రెండు కళ్ళూ తెరిచి బల్ల అవతల నిలబడ్డ ముత్తెన్నను చూశారు. ముత్తెన్న అప్పటికే తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు. రుమాలు ఉంటే ఆ గొట్టానికి ఎక్కడ కోపమొస్తుందో అన్నట్టు నిలబడ్డాడు పాపం.

"చూశావుగా ముత్తెన్నా. నీ కళ్ళముందే పొడి చేశాం, నీ కళ్ళముందే వడకట్టాం. పోయిన శుక్రవారం ఇదే గులాబీ, ఈ శుక్రవారమూ ఇదే గులాబీ. పాలిష్ పట్టేటప్పుడు డ్రమ్ములో రంగు కలిపావు."

"నా కల్లంల రంగు డబ్బ గానవడితె నా చెయ్యి నరుకుండ్రి సారూ" అన్నాడు ముత్తెన్న. "మా ఇంట్ల హోలీకి గూడ రంగు కొనలే ఈ యేడు. కొడుకు కువైట్ల లడాయి మొదలైతె ఒట్టి సంచితోని ఇంటికొచ్చిండు. ఇగ రంగులెక్కడివి మాకు?"

"నువ్వు చెప్పేది నేను వింటాను. కానీ యంత్రానికి అబద్ధం చెప్పటం రాదు."

ఈ మాట దేవరాజు సారుకు చాలా ఇష్టమైన మాట. ఏలూరు నుంచి వచ్చి ఆర్మూర్ లో ఐదేళ్ళుగా ఉంటున్న మనిషి, మంచివాడే, ఎవరి దగ్గరా కప్పు చాయ్ కూడా ఊరికే తాగేవాడు కాదు. కాకపోతే కొత్త మిషను వచ్చినప్పటినుంచి ఆయనకు మనుషులమీద కొంచెం నమ్మకం తగ్గింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పసుపు పరిశోధన కోసమని మార్కెట్ యార్డు పక్కన రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని పెట్టిన ప్రయోగశాల అది. పదకొండేళ్ళుగా ఇనప రోట్లో దంచిన పసుపును ఫిబ్రవరి ఆరో తారీకు నుంచి తెల్లటి కరెంటు మిషను పొడి చేస్తోంది. ఆ మొదటిరోజే ఆలూర్ నడిపయ్య పసుపులో రంగు ఉందని తేలింది. మిషను గడప దాటగానే దొంగ దొరికాడని హైదరాబాదు నుంచి పెద్దసారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఫ్రేములో గోడమీద ఉంది.

బల్ల ఈ చివర నిలబడి ఇదంతా వింటున్న గంగామణికి చేతుల్లో వడపోత కాగితం అట్లాగే ఉండిపోయింది. నిజామాబాద్ కాలేజీలో బీయెస్సీ చదువుతున్న ఈ పిల్లకు ఇక్కడ ఆరువారాల ట్రైనింగు. నాలుగోవారం నడుస్తోంది. మోర్తాడ్ లో తల్లితోపాటు చిన్నప్పటినుంచీ బీడీలు చుట్టిన వేళ్ళు కావటంతో, వడపోత కాగితాన్ని గరాటులా మడవటం ఒకే తిప్పులో అయిపోతుంది. మొదటిరోజు అది చూసి సారు "ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?" అని ఆశ్చర్యపోయారు. "తునికాకు మీద సార్" అంటే ఆయనకు అర్థం కాలేదు.

ఇంతకీ పరీక్ష చాలా సులువు. పసుపు పొడిని స్పిరిట్లో కలిపి, వడకట్టి, నాలుగు చుక్కలు యాసిడ్ వెయ్యాలి. ఏ పసుపైనా గులాబీగా మారుతుంది. ఆపైన నీళ్ళు పోస్తే, మంచి పసుపుకు ఆ గులాబీ పోతుంది. రంగు కలిసిన పసుపుకు పోదు. ముత్తెన్నకు రెండుసార్లూ పోలేదు. మొదటిసారి మొత్తుకుంటే, "సరే, వచ్చే శుక్రవారం పొద్దున్నే రా, అందరికంటే ముందు నీ నమూనానే పెడతాను, నీ ఎదురుగానే" అని సారే ఇంకో అవకాశం ఇచ్చారు. ముత్తెన్న ఈ పొద్దు మోర్తాడ్ నుంచి మొదటి బస్సుకే వచ్చి మెట్లమీద కూర్చున్నాడు.

"బిడ్డా గంగామణీ, నువ్వన్న జెప్పరాదు? నువ్వు మా వాడకట్టు పిల్లవు. మా కల్లంల ఆడుకున్నవ్."

గంగామణి నోరు తెరిచింది. ఏం చెప్పాలి? వడకట్టింది తనే, యాసిడ్ చుక్కలు లెక్కపెట్టింది తనే. "కాకా..." అని మాత్రం అనగలిగింది. ముత్తెన్న ఆ ఒక్క మాటకే తలూపి రుమాలు మళ్ళీ చుట్టుకున్నాడు.

"మార్కెట్ కమిటీకి ఉత్తరం రాయక తప్పదు" అన్నారు సారు. "ఇవాళ మధ్యాహ్నం నేను హైదరాబాదు మీటింగుకు వెళ్ళాలి. ఉత్తరం టైపు చేయించి పెడితే, వచ్చే శుక్రవారం వచ్చి సంతకం పెడతాను."

"అప్పటిదాంక నా బస్తాలు యార్డులనే ఉంటయ్ సారూ. ఎత్తుకపోతె దొంగోడు ఎత్తుకపోయిండంటరు" అని ముత్తెన్న మెట్లు దిగిపోయాడు.

మూలన నీళ్ళ తొట్టి దగ్గర గాజు సామాను కడుగుతున్న రత్నవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చింది. ముత్తెన్న నమూనాలో మిగిలిన కొమ్ములను ఎప్పటిలాగే కాగితం కవరులో పోసి, దారం కట్టి, చీటీ అంటించి, బీరువాలో పెట్టింది. పదకొండేళ్ళుగా రోజుకూలీ మీద ఇక్కడ ఊడ్చేది, కడిగేది, దంచేది, ఇప్పుడు మిషను తిప్పేది అన్నీ రత్నవ్వే. ఆమెను పర్మినెంటు చెయ్యమని రాసిన కాగితం ఒకటి సారు సొరుగులో మూడేళ్ళుగా ఉంది.

"గా మొగోడి మొఖం సూసినవా పిల్లా?" అంది రత్నవ్వ నెమ్మదిగా. "రంగు కలిపినోని మొఖం గట్లుంటదా?"

"నాకేం సమజైతలేదు రత్నవ్వా. మిషన్ గట్ల జెప్పవట్టె" అంది గంగామణి.

ఆదివారం మోర్తాడ్ లో గంగామణికి అసలు సంగతి తెలిసింది. ఉత్తరం ఇంకా టైపు కూడా కాలేదు, ఊళ్ళో మాత్రం ముత్తెన్నకు పేరు మారిపోయింది. బోరింగు దగ్గర ఒకామె ఇంకొకామెతో "రంగు ముత్తెన్న కోడలు పోతున్నది సూడు" అంది, అదీ ఆ కోడలికి వినపడేటట్టు. చాయ్ హోటలు దగ్గర పోరగాళ్ళు హోలీ అయిపోయిందని ఎవరన్నారంటూ ఒకటే నవ్వు. ముత్తెన్న ఆ దారినే సైకిల్ తోసుకుంటూ పోయాడు, తొక్కలేదు. తొక్కితే పారిపోతున్నాడంటారనుకున్నాడేమో.

వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న తల్లి లక్ష్మవ్వ తలెత్తకుండా అడిగింది, "ముత్తెన్నది నువ్వే పట్టిచ్చినవంట?"

"నేను పట్టిచ్చుడేందవ్వా! నేను వడగట్టిన గంతే."

"ఆయన పెండ్లాం కల్లంల ఎండవెట్టిన పసుపును ఒక్కొక్క కొమ్ము జేసి ఏరుతది. ఎండకు నెత్తి మాడిపోతున్నా లేవది. గసొంటోళ్ళు రంగు కలుపుతరా?" లక్ష్మవ్వ దారం చుట్టి బీడీని గంపలో వేసింది. "సదువుకున్నోళ్ళు. మీకే ఎరుక."

కోప్పడినా బాగుండేది. గంగామణి ఆ మధ్యాహ్నం తల్లితో సమానంగా బీడీలు చుట్టింది గానీ రెండుసార్లు ఆకు చిరిగింది. ఆకు చిరగటం ఆమెకు ఏడో తరగతి తరువాత ఇదే మొదలు.

మంగళవారం పొద్దున్నే కరెంటు పోయింది. మార్చి ఎండ అప్పుడే కొండరాళ్ళ మీద మండుతోంది. పంకా లేదు, మిషను లేదు, సారు లేరు. రత్నవ్వ వరండాలో కొంగు పరుచుకుని నడుం వాల్చింది. గంగామణికి మాత్రం కుదురు లేదు. ముత్తెన్న కాకది ఇంకొక్కసారి చెయ్యాలని పొద్దున బస్సులోనే అనుకుంది. సారును అడగకుండా చెయ్యొచ్చో లేదో తెలియదు. చేసి మళ్ళీ గులాబీ వస్తే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

బీరువా తీసి కవరు విప్పి రెండు కొమ్ములు తీసుకుంది. మూలన గోనెసంచి కప్పి పెట్టిన పాత ఇనప రోలును బయటకు లాగి కడిగింది. కొమ్ములు టకటకా విరిగాయి, బాగా ఉడికి బాగా ఎండిన పసుపు. రోకలి చప్పుడుకు రత్నవ్వ లేచి వచ్చి, "గట్లగాదు, రోకలి ఇడిసిపెట్టాలె, ఒత్తద్దు" అని నేర్పింది. ఇద్దరూ చెరి కాసేపు దంచారు.

స్పిరిట్టు, వడపోత, యాసిడ్ చుక్కలు నాలుగు. గులాబీ వచ్చింది. గంగామణి నీళ్ళు పోసింది.

గులాబీ పోయింది.

ఆమె గొట్టాన్ని కడిగి మళ్ళీ చేసింది. మళ్ళీ పోయింది. మూడోసారి చేసేటప్పుడు తొందరలో యాసిడ్ ఆరు చుక్కలు పడ్డాయి, అయినా పోయింది. పన్నెండింటికి కరెంటు వచ్చింది. అప్పుడు ఇంకో రెండు కొమ్ములు మిషన్లో వేసి తిప్పించింది. మిషను తప్పయితే ఇప్పుడు దొరికిపోవాలి. ఆ పొడికీ గులాబీ పోయింది!

"ఓసి నీ యవ్వ!" అంది గంగామణి మిషనుతో. రత్నవ్వ కిసకిసా నవ్వింది.

సంతోషం కాసేపే నిలిచింది. అదే పసుపు, అదే మిషను, అదే చెయ్యి. శుక్రవారం రంగు ఉన్నది, మంగళవారం లేదంటే సారు నమ్ముతారా? "శుక్రవారం నేను చూశాను, మంగళవారం నువ్వు చూశావు" అంటారు. ఆరువారాల ట్రైనింగు పిల్ల మాటెంత? అదీ ముత్తెన్న వాడకట్టు పిల్ల.

రిజిస్టరు తెచ్చి కిటికీ పక్కన కూర్చుంది. కొత్త మిషను వచ్చిన నాటినుంచి నూట పన్నెండు నమూనాలు. గులాబీ పోనివి మూడే మూడు. ఫిబ్రవరి ఆరు బుధవారం, నడిపయ్యది, ఆ రోజుకు మొదటి నమూనా. మార్చి ఎనిమిది శుక్రవారం, ముత్తెన్నది, ఆ రోజుకు మొదటి నమూనా. మార్చి పదిహేను శుక్రవారం, ముత్తెన్నదే, మొదటి నమూనా. వేలు ఆ వరుసమీద పెట్టి అట్లానే కూర్చుంది. మొదటి నమూనా, మొదటి నమూనా, మొదటి నమూనా. పొద్దున్నే ఏదో జరుగుతోంది. శుక్రవారం జరుగుతోంది. మరి ఆ బుధవారం ఏమిటి?

నీళ్ళే అనుకుంది చివరికి. శుక్రవారం పొద్దున పక్క వీధి బోరింగు నుంచి నీళ్ళు తెస్తారేమో, ఆ నీళ్ళలో ఏమన్నా ఉందేమో. ఆమె వచ్చే బస్సు తొమ్మిదిన్నరకు గానీ ఆర్మూర్ చేరదు. ఎనిమిదింటికే తాళం తీసేది రత్నవ్వ. నిజానికి వరండాలో కూర్చున్న మనిషిని "శుక్రవారం పొద్దున ఏం చేస్తావు రత్నవ్వా?" అని అడిగితే అయిపోయేది. మూడువారాలుగా ఒకే టిఫిన్లో తింటున్న గంగామణికే ఆ సంగతి తోచలేదు. మిషన్ని అడిగింది, యాసిడ్‌ను అడిగింది, రిజిస్టరును అడిగింది. మనిషిని అడగలేదు. అది తరువాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు సిగ్గువేసేది.

శుక్రవారం మొదటి బస్సుకే దిగింది. ముత్తెన్నా అదే బస్సులో ఉన్నాడు, ఉత్తరం సంగతి తేలే రోజు కదా. ఆయన యార్డు వైపు, ఆమె ప్రయోగశాల వైపు. యార్డు గేటు ముందు ఆలూర్ నడిపయ్య ఎవరివో బస్తాలు తన ఎడ్లబండి మీదనుంచి దింపుతున్నాడు. తన పసుపును వేలంపాటలో ఎవరూ పాడక అది ఇంట్లోనే ఉండిపోయింది. ఊరివాళ్ళ పసుపు మాత్రం రోజూ తోలుకొస్తున్నాడు. గేటు లోపలికి పోకుండా బయటే దించి వెనక్కి తిరిగిపోతాడని అందరూ చెప్పుకునేవారు.

ప్రయోగశాల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అగరొత్తి వాసన వస్తోంది. గంగామణి చెప్పులు విడిచి లోపలికి తొంగిచూసింది.

రత్నవ్వ తలస్నానం చేసి తడిజుట్టు ముడి వేసుకుంది. అగరొత్తి రబ్బరు బిరడాకు గుచ్చి ఉంది. ఎడమచేతిలో చిన్న ఇత్తడి గిన్నె. అందులో తడిపిన పసుపు. మిషను మూత తీసి, వేలు లోపలికి పెట్టి, కత్తి చుట్టూ ఒక్కొక్క బొట్టూ పెడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

"రత్నవ్వా!"

"ఓ యమ్మ! దడుసుకున్న గదనే పిల్లా. గింత పొద్దుగాల్నే వచ్చినవేంది?"

"ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? శుక్కురం గాదు? బీరువకు పెట్టిన, కరెంటు పొయ్యికి పెట్టిన, ఇగ దీనికి."

"లోపట వెడుతరా ఎవలన్న?"

"మీద వెడితె సారు ఒర్రిండు గద! పెద్దసార్లు వస్తున్నరు, తెల్లటి మిషన్‌కు గీ మరకలేంది అని తుడిపిచ్చిండు. ఇగ మీద వద్దంటె రెండు శుక్కురాల సంది లోపట వెడుతున్న. సారుకు గానరాదు, దీనికి కోపం రాదు." రత్నవ్వ కుడిచేతి చూపుడువేలు చూపించింది. వేలి కొసన తెల్లటి గాటు. "కొత్తల కడుగంగ కొరికింది సూడు. దీన్ని ఊకె ఇడిసిపెడితె ఎట్ల?"

గంగామణి గిన్నెలోకి వంగి చూసింది. "గీ పసుపు యాడిది?"

రత్నవ్వ ముఖం ఒక్కసారిగా మారింది. "గీ బీరువలకెల్లి తీస్తననుకున్నవా? పదకొండేండ్ల సంది సర్కారు పసుపు ఒక్క కొమ్ము ముట్టలే నేను. గీ నేలమీద రాలింది గూడ ఎత్తి కవర్ల ఏసిన. బజార్ల కొన్న, నా పైసలతోని" అని కొంగుముడి విప్పి, లక్ష్మీదేవి బొమ్మ ఉన్న పొట్లం బల్లమీద కొట్టినట్టు పెట్టింది.

ఊరంతా పసుపు. గాలిలో పసుపు, రోడ్డుమీద పసుపు, హమాలీల కనురెప్పలమీద పసుపు. అంత పసుపులో ఈ మనిషి నిజాయితీగా బజారుకు పోయి పొట్లం కొనుక్కొచ్చింది. గంగామణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాట్లాడకుండా పొట్లంలోంచి చిటికెడు తీసి స్పిరిట్లో వేసింది. కాగితం మడిచింది, వడకట్టింది, చుక్కలు వేసింది. చిక్కటి గులాబీ, పెండ్లి చీర రంగు. నీళ్ళు పోసింది.

"ఇంకిన్ని పొయ్యి" అంది రత్నవ్వ పక్కనే నిలబడి. పోసింది. గొట్టం నిండిపోతే గ్లాసులోకి వంచి మళ్ళీ పోసింది. గులాబీ పోలేదు.

రత్నవ్వ స్టూలు మీద కూలబడింది. చాలాసేపు ఆ గ్లాసునే చూసింది. "అంటె... పదకొండేండ్ల సంది దేవునికి రంగు పూసిన్నా?" అంది మొదట. తరువాత మిషను వైపు చూసింది. ఆ తరువాత ముత్తెన్న కవరున్న బీరువా వైపు చూసింది. చేతిలో ఇత్తడి గిన్నె ఇంకా అట్లాగే ఉంది.

"నువ్వు ఫికర్ జెయ్యకు రత్నవ్వా" అంది గంగామణి గబగబా. "నీ పేరు తియ్యను. నేనే మిషన్ మంచిగ కడుగలేదని చెప్త. నాదేముంది, ఇంక రెండువారాలుంటె పోత. నీ కాగితం సారు చేతుల ఉన్నది."

"నువ్వెందుకు చెప్తవ్? నువ్వు పెట్టినవా బొట్టు?"

"గట్లగాదు..."

"నేను పెట్టిన. నేనే చెప్త" అంది రత్నవ్వ. అంతలో వాకిట్లో స్కూటర్ ఆగింది.

దేవరాజు సారు లోపలికి వచ్చి సంచీ దింపుకునేలోపే, రత్నవ్వ ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో పొట్లం పట్టుకుని ఎదురు నిలబడింది.

"సారూ, ముత్తెన్న పసుపుల రంగు లేదు. గా రంగు నాది."

సారుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పటానికి గంగామణికి పావుగంట పట్టింది. రిజిస్టరు చూపించింది, మంగళవారం కథ చెప్పింది, మూత తీసి ఐదు బొట్లు చూపించి, అవి ఆ రోజు మొదటి నమూనాలోనే ఊడి కలిసిపోతున్నాయని చెప్పింది. సారు ముఖం ఎర్రబడింది. ఆయన కోప్పడటం గంగామణి ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

"ఇది ప్రయోగశాల! గుడి కాదు! పదకొండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నావు, ఒక్క మాట నాతో అనాలని తెలియదా? రెండు శుక్రవారాలు ఒక రైతును దొంగను చేశాం!"

"నిజమే సారూ" అంది రత్నవ్వ. తల దించుకోలేదు, ఎదురు చెప్పనూ లేదు.

సారు రిజిస్టరు లాక్కుని పేజీలు తిప్పారు. వేలు ఒకచోట ఆగింది. గొంతు కొంచెం నెమ్మదించింది. "సరే. ముత్తెన్నవి రెండూ కొట్టేస్తాం. కానీ ఇదిగో, ఫిబ్రవరి ఆరు. నడిపయ్యది. ఇది బుధవారం. బుధవారం నువ్వు బొట్టు పెట్టవుగా?"

"పెట్టను సారూ."

"ఆ రోజు పెట్టలేదుగా?"

"నేను పెట్టలే."

సారు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన చూపు గోడమీది ఫ్రేము వైపు పోయింది. గంగామణి కూడా అటే చూసింది. ఆ బుధవారం లెక్క తనకూ తేలలేదు. పోనీలే, ఒక్కటైనా నిజం దొంగ అయితే సారు ముఖం నిలబడుతుందనుకుంది.

"మీరే పెట్టిండ్రు" అంది రత్నవ్వ.

"ఏమిటి?"

"కొత్త మిషన్ వచ్చిన నాడు సారూ. పెద్దసారు హైదరాబాదుకెల్లి వచ్చె. టెంకాయ కొట్టిండ్రు. నేను గిన్నె అందిచ్చిన. గదే పాకిటు. కత్తికి పెట్టుండ్రి సారూ, చేతులు కొరుకకుంట ఉంటది అన్న. మీరు నవ్వి, అయిదు బొట్లు పెట్టిండ్రు. ఫోటో గూడ తీసిరి. మీ బల్ల అద్దం కిందనే ఉన్నది గద."

బల్ల అద్దం కింద ఫోటో ఉన్నమాట నిజమే. నాలుగువారాలుగా గంగామణి దానిమీదే రిజిస్టరు పెట్టి రాస్తోంది. పెద్దసారు మెడలో దండ, దేవరాజు సారు నుదుట పొడుగాటి బొట్టు, నవ్వు ముఖం, కుడిచెయ్యి మిషను లోపల మణికట్టు దాకా.

సారు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. చివరికి ఆయన అడిగారు, "నడిపయ్య నమూనా మిగిలింది ఏమైంది?"

"ఏమైతది? ఉన్నది." రత్నవ్వ బీరువా కింది అరలోంచి చీటీ చెక్కుచెదరని కవరు తెచ్చి పెట్టింది. "నేనేం పారెయ్య సారూ."

సారు చొక్కా చేతులు పైకి మడిచి, రోలు ముందు గొంతుక్కూర్చుని తనే దంచటం మొదలుపెట్టారు. "ఒత్తద్దు సారూ, ఇడిసిపెట్టాలె" అంది రత్నవ్వ. ఆయన విడిచిపెట్టి దంచారు. చెమటలు కారాయి. గంగామణి కాగితం మడిచి ఇచ్చింది. యాసిడ్ చుక్కలు ఆయనే వేశారు, నీళ్ళూ ఆయనే పోశారు.

గులాబీ పోయింది.

దేవరాజు సారు లేచి, కుర్చీ ఎక్కి, గోడమీది ఫ్రేము దించారు. దాని వెనక బల్లి ఒకటి పరుగెత్తింది. ఫ్రేమును సొరుగులో బోర్లా పెట్టి, టైపు చేసి ఉన్న ఉత్తరాన్ని నాలుగుగా చింపి, "పాట ఎన్నింటికి మొదలవుతుంది?" అని అడిగారు.

"పదకొండు గంటలకు" అంది గంగామణి.

"పదండి."

యార్డులో పసుపు కుప్పల మధ్య పాట అప్పుడే మొదలవుతోంది. సేట్లు గుప్పిట్లో కొమ్ములు విరిచి చూస్తున్నారు. తన బస్తాల మీద ముత్తెన్న రుమాలు చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. సారు రావటం చూసి లేచాడు. ఉత్తరం చేతికే ఇవ్వటానికి వచ్చారనుకున్నాడేమో, ముఖం పాలిపోయింది. సారు ఆయన్ను దాటుకుని పోయి, పాట చెప్పే ముసలాయన దగ్గర మైకు అడిగి తీసుకున్నారు.

"మార్కెట్‌కు విచ్చేసిన రైతు సోదరులకు, వర్తక సోదరులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టారు. "నమూనాల తయారీ ప్రక్రియలో సంభవించిన ఒక సాంకేతిక లోపం కారణంగా, కొందరు రైతుల పసుపు విషయంలో వెలువడిన ఫలితాలు పునఃపరిశీలనలో..."

హమాలీలు ముఖముఖాలు చూసుకున్నారు. ఒక సేటు పక్క సేటుతో "ఏం బంద్ జేస్తరట?" అని అడిగాడు. సారు పునఃపరిశీలన దగ్గర ఆగి నీళ్ళు నమిలారు. ఆయన్ను చూస్తుంటే గంగామణికి జాలేసింది. ఇంతమందిలో తప్పు ఒప్పుకోవటానికి వచ్చిన మనిషికి ఒప్పుకునే భాష దొరకలేదు.

రత్నవ్వ ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. మైకు ఎప్పుడూ పట్టుకోలేదేమో, నోటికి ఆనించుకుని మరీ అరిచింది.

"మోర్తాడ్ ముత్తెన్న పసుపుల రంగు లేదు! ఆలూర్ నడిపయ్య పసుపుల రంగు లేదు! మిషన్‌కు లోపట మేం బొట్టు వెట్టినం, నేనూ మా సారు! గా బొట్టుల ఉన్నది రంగు! గీళ్ళది మంచి పసుపు! తప్పు మాది!"

ఆపైన ఎవరో నవ్వారు. నవ్వు కుప్ప నుంచి కుప్పకు పాకి యార్డు యార్డంతా నవ్వింది. సారు ముందు బిగుసుకుపోయారు. తరువాత మెల్లగా మైకు వైపు వంగి, "అవును. తప్పు మాది" అన్నారు. అది అందరికీ అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. ముసలాయన మైకు తీసుకుని, గొంతు సవరించుకుని, ముత్తెన్న కుప్ప దగ్గరికి నడిచి పాట ఎత్తుకున్నాడు. ముత్తెన్న రుమాలు తలకు చుట్టుకోబోయి మూడుసార్లు జారవిడిచాడు. గంగామణి పోయి చుట్టి కట్టింది.

"నువ్వే పట్టిచ్చినవా బిడ్డా?" అన్నాడు ముత్తెన్న కళ్ళు తుడుచుకుంటూ.

"రత్నవ్వ పట్టిచ్చింది కాకా. నేను వడగట్టిన గంతే."

గేటు దగ్గర మనుషులు పక్కకు జరిగారు. ఇంకో బండి బస్తాలు తోలుకొచ్చిన నడిపయ్య లోపలికి వస్తున్నాడు. చేతిలో ముల్లుగర్ర ఉంది, ఎడ్లు బయట నిలబడి ఉన్నాయి. నెలన్నరగా దాటని గేటు దాటి, కుప్పల మధ్యనుంచి నేరుగా ప్రయోగశాల వాళ్ళ దగ్గరికి వచ్చాడు. దేవరాజు సారు చేతులు రెండూ జోడించారు. గంగామణికి భయం వేసింది. ఈ మనిషి ఏమన్నా పడాల్సిందే అనుకుంది.

నడిపయ్య ముల్లుగర్ర చంకలో ఇరికించుకున్నాడు. ధోవతి ముడి విప్పాడు. అందులో ఒకే ఒక పసుపు కొమ్ము, జేబురుమాలు ముక్కలో చుట్టి. ఎవరన్నా అడిగితే చూపించటానికి ఇన్ని రోజులూ వెంట తిప్పుకుంటున్నాడు. ఎవరూ అడగలేదు. దాన్ని రత్నవ్వ చేతిలో పెట్టాడు.

"వచ్చే శుక్కురం దీన్ని అరగదీసి పెట్టవ్వా. ఇది నా కల్లంలది" అన్నాడు. వెనక్కి తిరుగుతూ, "జర బయట పెట్టు" అన్నాడు.

రత్నవ్వ కొమ్మును గుప్పిట్లో పట్టుకుని సారు వైపు చూసింది.

"బయటే పెట్టు రత్నవ్వా" అన్నారు దేవరాజు సారు. "నేను తుడవను."